సోరియాసిస్ పెరగడానికి ఒత్తిడి నిజంగా కారణమా? ఒత్తిడి తగ్గితే మందు మానవచ్చా?

ప్రశ్న: ఓరుగల్లు పాఠకుడు

నేను వరంగల్‌లో ఒక సహకార బ్యాంకులో ఉద్యోగిని. చాలా ఏళ్లుగా మోచేతుల మీద, మోకాళ్ల మీద, నడుము వెనుక, తలలోను సోరియాసిస్ ఉంది. చర్మవైద్యుడి సలహా మీద వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ (రోగనిరోధక వ్యవస్థ జోరును తగ్గించే మందు) మాత్రలు, పైపూత మందు వాడుతున్నాను. సంవత్సరంలో ఎక్కువ భాగం జబ్బు అదుపులోనే ఉంటుంది. కానీ ఏటా మార్చిలో ఖాతాల ముగింపు, దాని వెంటనే ఆడిటు వచ్చి వెళ్లాక పాత మచ్చలు మళ్లీ ఎర్రబడి పొలుసులు రాలడం మొదలవుతుంది. విచిత్రమేమిటంటే, పని నెత్తిమీద ఉన్న రోజుల్లో చర్మం దాదాపు మామూలుగానే ఉంటుంది. అంతా ముగిసి ఊపిరి పీల్చుకున్నాక, ఏప్రిల్ చివర గానీ జబ్బు తిరగబెట్టదు. ఎండాకాలంలో సోరియాసిస్ తగ్గుతుందని అందరూ అంటారు, నాకు మాత్రం సరిగ్గా అప్పుడే పెరుగుతోంది. గత రెండేళ్లుగా ఇది మునుపటి కంటే తీవ్రంగా ఉంది.

వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు చీటీ రాసి, చివర్లో "టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. ఎలా తగ్గించుకోవాలో, తగ్గించుకుంటే ఎంత ఫలితం ఉంటుందో అడగడానికి అక్కడ వ్యవధి ఉండదు. ఇంట్లో మా బావగారు ఆ ఒక్క మాటనే పట్టుకుని, ఇది మనసు జబ్బేనని, మెథోట్రెక్సేట్ కాలేయాన్ని పాడుచేస్తుందని, దాన్ని మానేసి యోగా చేస్తే చాలని వాదిస్తున్నారు. మనసులోని ఆందోళన మోచేతి మీది చర్మం దాకా ఏ దారిన వెళుతుంది, వెళితే ఇన్ని వారాలు ఆలస్యం ఎందుకు, ఒత్తిడిని అదుపులో పెట్టగలిగితే మందు తగ్గించుకునే అవకాశం ఉందా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: సాగరతీర చర్మవైద్యురాలు

మీ పరిశీలన కొట్టిపారేయవలసినది కాదు. అయితే ఒత్తిడి వల్ల సోరియాసిస్ వచ్చిందనడానికీ, ముందే ఉన్న సోరియాసిస్ ఒత్తిడి వల్ల రేగిందనడానికీ చాలా తేడా ఉంది, మీ బావగారి వాదన ఆ తేడాను చెరిపివేస్తోంది. సోరియాసిస్‌కు మూలం వంశపారంపర్యంగా వచ్చే గుణమూ, దారితప్పిన రోగనిరోధక వ్యవస్థానూ. ఆ వ్యవస్థలోని టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్‌ఎఫ్ అనే రసాయన సంకేతాల ద్వారా చర్మాన్ని నిరంతరం రెచ్చగొడుతూ ఉంటాయి. మామూలుగా చర్మకణం అడుగు పొరలో పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అది 3 నుంచి 5 రోజుల్లోనే పైకి వచ్చేస్తుంది కనుక, పక్వానికి రాని కణాలు పేరుకుని వెండిలా మెరిసే పొలుసులుగా కనిపిస్తాయి. ఇదంతా ఒక మనిషి ఎక్కువగా ఆలోచించినందువల్ల జరగదు.

ఇక ఆందోళన చర్మం దాకా వెళ్లే దారి సంగతి. ఒత్తిడి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ వెళ్లి కార్టిసాల్ అనే హార్మోను విడుదలవుతుంది. ఆలోచించేవారికి ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. కార్టిసాల్ స్వభావరీత్యా మంటనూ వాపునూ తగ్గించేది, మేము రాసే స్టెరాయిడ్ పూతలు దాని బంధువులే. మరి ఒత్తిడిలో ఉన్నవారికి సోరియాసిస్ తగ్గాలి గదా, పెరగడమేమిటి? ఒత్తిడి తాత్కాలికమైతే ఆ తర్కం చాలావరకు సరిపోతుంది. నెలల తరబడి సాగినప్పుడు మాత్రం కార్టిసాల్ స్పందన మందగించడమో, రోగనిరోధక కణాలు దాని మాట వినడం మానేయడమో జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో 62 మంది సోరియాసిస్ రోగులను ఆరు నెలలపాటు నెలనెలా పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రోజువారీ చికాకులు ఎక్కువగా ఉన్న సమయానికి నాలుగు వారాల తరువాత జబ్బు తీవ్రత పెరిగినట్టు తేలింది. అదే బృందం మరుసటి ఏడు చూపినదేమిటంటే, చికాకులు పరాకాష్ఠకు చేరినప్పుడు ఆ రోగుల్లో కార్టిసాల్ పెరగవలసింది పోయి తగ్గింది. మార్చి పని ఏప్రిల్ చివర చర్మం మీద కనిపించడం ఈ కాలవ్యవధికి దగ్గరగానే ఉంది.

రెండో దారి నరాలది, నా దృష్టిలో ఇదే ఎక్కువ ఆసక్తికరమైనది. చర్మంలోని నరాల కొసలు స్పర్శను మోసుకుపోవడంతోనే ఆగవు, ఒత్తిడి సమయంలో సబ్‌స్టన్స్-పి, సీజీఆర్‌పీ వంటి పదార్థాలను అక్కడికక్కడే విడుదల చేస్తాయి. అవి రక్తనాళాలను వెడల్పు చేసి, దురద పుట్టించే రసాయనాలను నిల్వ ఉంచుకునే మాస్ట్ కణాలను కదిలించి, దురదనూ ఎరుపునూ పెంచుతాయి. దీనికి నాకు తెలిసినంతలో అతి బలమైన సాక్ష్యం ప్రయోగశాలలో దొరికినది కాదు. ప్రమాదంలోనో శస్త్రచికిత్సలోనో నరం తెగి ఒక భాగం స్పర్శ కోల్పోయిన కొందరు రోగుల్లో, సరిగ్గా ఆ మేరకే సోరియాసిస్ మచ్చ మాసిపోయినట్టు వైద్య పత్రికల్లో నమోదయింది. కొందరిలో స్పర్శ తిరిగి వచ్చినప్పుడు మచ్చ కూడా తిరిగి వచ్చింది. రోగనిరోధక కణాలు రక్తంలో యథాతథంగా తిరుగుతూ ఉండగానే ఇలా జరిగిందంటే, స్థానికంగా నరాలకు ఎంత పాత్ర ఉందో మీరే ఊహించవచ్చు.

చర్మపు పై పొర పటిష్ఠత కూడా ఒత్తిడికి లోబడుతుంది. అమెరికాలో 27 మంది వైద్య, దంతవైద్య, ఫార్మసీ విద్యార్థుల చర్మాన్ని సెలవుల్లోనూ పరీక్షల సమయంలోనూ పరీక్షించి 2001లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, అంటుపట్టీతో పైపొరను కొద్దిగా లేపినప్పుడు అది తిరిగి బాగుపడే వేగం పరీక్షల రోజుల్లో తగ్గింది. వారెవరూ చర్మరోగులు కారు. సోరియాసిస్ ఉన్నవారిలో చర్మం మీద గీతపడ్డ చోట సాధారణంగా 10 నుంచి 20 రోజుల్లో కొత్త మచ్చ లేచే లక్షణం ఒకటుంది, 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్యోబ్నర్ పేరుతో దాన్ని పిలుస్తారు. ఆందోళనలో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే మోచేతులు రుద్దుకోవడం, నిద్రలో గోక్కోవడం ఎక్కువవుతాయి. కొత్త మచ్చలకు ఆ గోళ్లే చోటు చూపిస్తాయి.

మందు విషయంలో మాత్రం నా సమాధానం సూటిగానే ఉంటుంది: ఒత్తిడి తగ్గిందన్న లెక్కతో మెథోట్రెక్సేట్‌ను మీ అంతట మీరు తగ్గించకండి. కాలేయం గురించి మీ బావగారి భయం పూర్తిగా నిరాధారం కాదు, అందుకే క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయిస్తాము. ఆ మందు వాడేవారి కాలేయానికి మద్యం, స్థూలకాయం, మధుమేహం తోడైనప్పుడు ముప్పు బాగా పెరుగుతుంది. మీరు మరొక విషయం చెప్పాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేరే ఏ మందులైనా వాడుతున్నారా? గొంతునొప్పి వచ్చిందా? నిద్ర, భోజనం, మద్యపానం మాటేమిటి?

సమాధానం: లెక్కల మనిషి

డాక్టరుగారు చెప్పిన యంత్రాంగాన్ని నేను కాదనను. నేను గణాంకశాస్త్రం బోధించేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. శరీరంలో ఒక దారి ఉందని చూపడం ఒక ఎత్తు, ఆ దారిన నిజజీవితంలో ఎంత నష్టం జరుగుతోందో కొలవడం మరో ఎత్తు. ఈ రెండో దానిలో సాక్ష్యం మనం అనుకునేంత గట్టిది కాదని గుర్తుంచుకోవాలి. ఒత్తిడికీ సోరియాసిస్‌కూ సంబంధంపై వచ్చిన 39 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష ఒకటి 2018లో వెలువడింది. తమ జబ్బు ఒత్తిడి వల్లే పెరుగుతుందని దాదాపు సగం మంది రోగులు నమ్ముతున్నారు. కానీ ముందు ఒత్తిడి, తరువాత జబ్బు అనే వరుసను నమ్మదగిన రీతిలో రుజువు చేసే ఆధారాలు తక్కువేనని ఆ సమీక్షకులు తేల్చారు.

కారణం ఊహించడం కష్టం కాదు. జబ్బు రేగిన మనిషిని గత మూడు నెలల్లో ఏమైనా కష్టం వచ్చిందా అని అడిగితే, అతడు వెతికి మరీ ఒకటి చెబుతాడు. ఆ మూడు నెలల్లో ఏ కష్టమూ లేని గృహస్థుడు మన దేశంలో ఎక్కడ దొరుకుతాడు? జబ్బు లేని వాడిని అడిగితే అవే కష్టాలు అతనికి గుర్తురావు. ఓరుగల్లు పాఠకుడి విషయంలోనూ మార్చి నెల అంటే ఒత్తిడి మాత్రమే కాదు. ఆలస్యంగా ఇంటికి రావడం, మాత్ర వేసుకునే వారం తప్పిపోవడం, పూత రాసుకునే ఓపిక లేకపోవడం, నడక మానేయడం కూడా అదే నెలలో జరుగుతాయి. వీటిలో ఏది ఎంత చేసిందో విడదీయకుండా మొత్తం నింద మనసు మీద వేయడం సరికాదు.

ఈ చిక్కును కొంతవరకు దాటిన ఉదాహరణ జపాన్‌లో ఉంది, అయితే అది సోరియాసిస్‌ది కాదు, దాని ఇరుగుపొరుగు జబ్బయిన అటోపిక్ డెర్మటైటిస్‌ది (ఒక రకం ఎగ్జిమా). 1995 జనవరిలో కోబె ప్రాంతాన్ని భూకంపం కుదిపిన తరువాత ఆ రోగులను పరిశీలిస్తే, తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతంలో 38 శాతం మందికి, ఓ మోస్తరుగా దెబ్బతిన్న చోట 34 శాతం మందికి జబ్బు పెరిగింది, నష్టం లేని ప్రాంతంలో 7 శాతం మందికే పెరిగింది. భూకంపం ఎవరి చర్మాన్నీ చూసి రాదు కనుక ఇక్కడ కార్యకారణాల వరుస తలకిందులయ్యే ప్రమాదం లేదు. అయినా దుమ్ము, నీటి కొరత, మందుల కొరత వంటివి కూడా ఆ అంకెల్లో కలిసి ఉండవచ్చునని నా అనుమానం.

నన్ను ఎక్కువగా ఒప్పించినవి చికిత్స పొందుతున్నవారిపై జరిగిన అధ్యయనాలు. అమెరికాలో పెట్టెలో నిలబెట్టి అతినీలలోహిత కాంతితో చేసే కాంతిచికిత్స తీసుకుంటున్న 37 మంది సోరియాసిస్ రోగుల్లో కొందరికి ఆ పెట్టెలో నిలబడి ఉన్నంతసేపు ధ్యానం చేయించే టేపు వినిపించారు, మిగిలినవారికి కాంతి మాత్రమే ఇచ్చారు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం టేపు విన్నవారి చర్మం దాదాపు నాలుగు రెట్లు వేగంగా శుభ్రపడింది. ఇంగ్లండులో 2003లో ప్రచురించిన మరో అధ్యయనంలో, అతిగా కలతపడే స్వభావం గలవారికి ప్యూవా (సొరాలెన్ అనే మందు ఇచ్చి చేసే) కాంతిచికిత్స 1.8 రెట్లు నెమ్మదిగా పనిచేసింది. మొదటిది చాలా చిన్నదే, నాలుగు రెట్లన్న అంకెను అక్షరాలా నమ్మనక్కరలేదు. కానీ ఈ రెండింటిలోనూ రోగులందరూ చికిత్స తీసుకుంటూనే ఉన్నారన్నది మీ బావగారికి చూపవలసిన విషయం. మందు లేకుండా ధ్యానం ఒక్కటే ఏం చేస్తుందన్న ప్రశ్నను అక్కడ ఎవరూ అడగలేదు.

సమాధానం: గోదావరి టీచరు

పై ఇద్దరూ ఒత్తిడి నుంచి చర్మం వైపు వెళ్లే దారినే చూపారు. ఎదురుదారిన కూడా రాకపోకలున్నాయి. నాకు యవ్వనం నుంచి సోరియాసిస్ ఉంది. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నప్పుడు బల్ల మీద రాలిన పొలుసులను ఎవరూ చూడకుండా తుడవడం, పొట్టి చేతుల జాకెట్టు కుట్టించుకోకపోవడం, ఇది అంటువ్యాధి కాదని ప్రతి పెళ్లిలోనూ కొత్త చుట్టానికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం, ఇవన్నీ రోజూ మోయవలసినవే. పెళ్లిచూపుల కాలంలో ఈ జబ్బు దాచమని ఒకరు, చెప్పమని ఒకరు మా అమ్మానాన్నలను ఎంత నలిపారో చెప్పలేను. ఇంత మోస్తున్న మనిషికి చివరలో "టెన్షన్ పెట్టుకోకమ్మా" అని ఉచితంగా సలహా ఇస్తే, జబ్బు పెరిగినందుకు తప్పు కూడా రోగిదే అన్నట్టు వినిపిస్తుంది.

ఓరుగల్లు పాఠకుడు గారూ, మీ ఇంట్లోవారు యోగా దగ్గర ఆగారు, మా ఇంట్లో పథ్యం కూడా పెట్టారు. వంకాయ వద్దన్నారు, గోంగూర వద్దన్నారు, చేప వద్దన్నారు. ఆ నిషేధాలతో నా మచ్చలు తగ్గలేదు గానీ భోజనం అంటే విసుగు పుట్టింది. నాకు మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది మందు సరిగ్గా పనిచేసి రాత్రి దురద తగ్గినప్పుడే. మనసు కుదుటపడితే చర్మం బాగుపడుతుందని అందరూ నాకు చెప్పారు, నా విషయంలో చర్మం బాగుపడ్డాక మనసు కుదుటపడింది. యోగా, ప్రాణాయామం నేను కూడా చేస్తాను, వాటి మీద నాకు చిన్నచూపు లేదు. ప్రాణాయామం చేసిన రోజున గోక్కోవాలన్న తహతహను కాస్త ఆపుకోగలను, అంతవరకే దాని నుంచి ఆశిస్తాను.

మీ డాక్టరుగారికి వ్యవధి లేదన్నారు. చర్మవ్యాధి జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోందో కొలిచే డీఎల్‌క్యూఐ అనే పది ప్రశ్నల పత్రం ఉంది, కార్డిఫ్ వైద్యులు 1994లో రూపొందించినది. గత వారంలో దురద, సిగ్గు, దుస్తుల ఎంపిక, పని, దాంపత్యం వరకు అన్నీ అందులో అడుగుతారు. నింపడానికి ఎంతోసేపు పట్టదు. దాన్ని నింపి చీటీతో పాటు బల్ల మీద పెడితే, మాటల్లో చెప్పలేనిది అంకెలో చెప్పినట్టవుతుంది. మా వైద్యుడు నా చికిత్స మార్చింది ఆ అంకె చూశాకే.

సమాధానం: సాగరతీర చర్మవైద్యురాలు

టీచరుగారు చెప్పిన ఎదురుదారికి శాస్త్రంలోనూ ఆధారం ఉంది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఎటనర్‌సెప్ట్ అనే ఇంజక్షన్‌ను సోరియాసిస్ రోగులకు ఇచ్చి 2006లో ప్రచురించిన పరీక్షలో, చర్మంతో పాటు వారి కుంగుబాటు, అలసట కూడా తగ్గాయి. ఒంట్లోని మంట మెదడును కూడా తాకుతుందని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. దిగులుగా ఉన్న రోగికి చర్మానికి చికిత్స చేయడం కూడా మనసుకు చికిత్స చేయడమే అవుతుంది. అలాగని ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లిన దిగులును చర్మం మందులతో సరిపెట్టకూడదు, అక్కడ మానసిక వైద్యుడి అవసరం వెంటనే ఉంటుంది.

స్పందన: ఓరుగల్లు పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు అడిగినవాటికి సమాధానం చెబుతున్నాను. మద్యం అలవాటు లేదు, గొంతునొప్పి రాలేదు. మార్చిలో మాత్ర ఒకటి రెండు వారాలు తప్పిన మాట నిజమే, లెక్కల మనిషి గారు దగ్గరలో నిలబడి చూసినట్టే రాశారు. ఇతర మందుల విషయానికి వస్తే, గుండెదడ, చేతులు వణకడం ఎక్కువగా ఉన్నాయని మా వీధిలోని జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్లినప్పుడు ప్రొప్రనలాల్ మాత్రలు రాశారు. గత రెండేళ్లుగా ఫిబ్రవరిలో మొదలుపెట్టి మే వరకు వాడుతున్నాను. అది గుండెకు సంబంధించిన మందు కదా అని చర్మవైద్యుడి దగ్గర ప్రస్తావించలేదు, ఆయనా అడగలేదు. ఇంకొక సందేహం: జబ్బు రేగిన రోజుల్లో మెడికల్ షాపులో ఇచ్చే ట్యూబు తాత్కాలికంగా రాసుకోవచ్చా?

సమాధానం: సాగరతీర చర్మవైద్యురాలు

అసలు ముడి ఇక్కడ ఉండవచ్చు. ప్రొప్రనలాల్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల జాతికి చెందిన మందు. మానసిక జబ్బులకు వాడే లిథియం, మలేరియాకు వాడే క్లోరోక్విన్ లాగే బీటా బ్లాకర్లు కూడా కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయని చాలాకాలంగా తెలుసు. చర్మకణాల మీద ఉండే బీటా గ్రాహకాలను అది మూసివేసినప్పుడు, కణాల పెరుగుదలను అదుపులో ఉంచే ఒక అంతర్గత సంకేతం బలహీనపడుతుందన్నది ప్రధానమైన వివరణ. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల మధ్య ఎప్పుడైనా ఆ ప్రభావం కనిపించవచ్చు. గత రెండేళ్లుగా తీవ్రత పెరిగిందని మీరే మొదట రాశారు, ఆ మందు వాడకమూ రెండేళ్లదే. అంతకుముందు కూడా ఏటా కొంత పెరిగేది కనుక నేరమంతా దానిదే అనలేను. పని ఒత్తిడి, తప్పిపోయిన మాత్రలు, నిద్రలేమి, వాటి మీద ఈ మందు, అన్నీ రెండు నెలల కాలంలోనే కలిసి వచ్చాయి. ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చిన మందే ఒత్తిడి పేరిట చర్మాన్ని రేపడం నాకు వృత్తిలో కొత్త కాదు.

అయితే ప్రొప్రనలాల్‌ను ఈ రాత్రే మానేయకండి. బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి ఆపితే గుండెదడ, రక్తపోటు ఎదురుతిరిగి పెరిగే ప్రమాదం ఉంది, గుండెజబ్బు ఉన్నవారికి అది మరింత హానికరం. రాసిన వైద్యుడి దగ్గరకే వెళ్లి, మీకు సోరియాసిస్ ఉందని చెప్పి, క్రమంగా తగ్గించి వేరే మార్గం చూపమని అడగండి. దడకూ వణుకుకూ థైరాయిడ్ కారణమేమో ఒకసారి రక్తపరీక్షతో తేల్చుకోవడం కూడా మంచిది. కేవలం ఆందోళనే అయితే, దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, చర్మానికి హాని చేయని మందులూ ఉన్నాయి.

దుకాణంలో ఇచ్చే ట్యూబు వద్దు. మన ఊళ్లలో అలా చేతికి వచ్చేవాటిలో చాలావరకు బలమైన స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి చీటీ లేకుండా అమ్మరాదన్నా, అడిగితే ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే స్టెరాయిడ్ పూత మంచి మందే. ఒళ్లంతా విచ్చలవిడిగా రాసి ఉన్నట్టుండి ఆపితే జబ్బు రెట్టింపుగా తిరగబెడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజక్షన్ల విషయంలో ఇది మరీ ప్రమాదకరం. అవి ఆపాక ఒళ్లంతా చీముపొక్కులు లేచి ఆసుపత్రిలో చేరవలసిన స్థితి రావచ్చు.

మెథోట్రెక్సేట్‌కు వారంలో ఒక రోజు పెట్టుకుని, ఆ రోజు పేరును మాత్రల పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి. మార్చిలో ఒక వారం తప్పినా, దానికి పరిహారంగా మరుసటి వారం రెట్టింపు వేసుకోకూడదు, పొరపాటున రోజూ వేసుకోవడమైతే ప్రాణాంతకం. ప్రొప్రనలాల్ మారిన తేదీని, రాబోయే ఏప్రిల్, మే నెలల్లో మచ్చల ఫొటోలను ఒకే చోట ఉంచుకోండి. మందు మారినా వచ్చే ఏడాది ముగింపు పని ఎలాగూ ఉంటుంది కనుక, ఆ ఫొటోలను గత రెండేళ్లతో పోల్చినప్పుడు తేడాలో మందు వాటా ఎంతో మీ వైద్యుడికి కొంతైనా అంచనా దొరుకుతుంది.